శ్రుతి గడి

గునుపూర్‌లో మా విశ్వవిద్యాలయం బోర్డు మీద
మూడు లిపులు.
ఒడియా గుండ్రంగా, ఇంగ్లీషు నిటారుగా,
అడుగున వానకి పొట్టు లేచిన తెలుగు.
సొర లిపికి చోటు చాల్లేదన్నాడట పెయింటరు.

నేనక్కడ పాట చెబుతాను.
"పాట చెప్పడమేటే, వస్తే పాడతారు గానీ"
అంటుంది పర్లాకిమిడిలో మా మేనత్త.
నిజమే. నేను చెప్పేది ఎక్కువగా ఊపిరి గురించే.
భుజాలు లేపకండి. దవడ వదిలెయ్యండి.
పొట్ట మీద కీర్తనల పుస్తకం పెట్టుకుని పడుకోండి,
అది లేవాలి, దిగాలి.
చాపెల్ సిమెంటు నేల మీద ఇరవైమంది వెల్లకిలా పడుకుని
ఇరవై పుస్తకాల్ని ఎత్తి దించుతుంటే
వాచ్‌మన్ లింగరాజు తొంగి చూసి
ప్రార్థనేమో అనుకుని టోపీ తీశాడు.

తబిత గమాంగ్‌ది పుట్టాసింగి పక్క కొండ.
గాంధారం దగ్గర బాగానే ఉంటుంది,
మధ్యమానికి ఎక్కమంటే సగం మెట్టు మీద ఆగిపోతుంది.
ఆ రెండిటి మధ్య హార్మోనియానికి
నల్ల మెట్టు కూడా లేదు.
ఎక్కు, అంటాను మెట్టు నొక్కి పట్టుకుని.
ఎక్కాను టీచర్, అంటుంది.

నవంబరులో వాళ్ల నాయనమ్మ పోయింది.
బాప్తిస్మం తీసుకోని మనిషి.
చచ్చిపోయినవాళ్లు ఆవిడ నోట్లోకొచ్చి
పొగాకు అడిగేవారట,
కోడళ్ల మీద చాడీలు చెప్పేవారట.
ఆవిడని సాగనంపే పాట ఆడవాళ్లు ఎత్తుకున్నప్పుడు
సంఘపెద్ద కూతురు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది,
పెదాలు బిగించి.

పదకొండు రోజుల తర్వాత వచ్చింది, గొంతు లేకుండా.
ఏడ్చావా? లేదు.
అరిచావా?
లేదు టీచర్. పాడలేదు.

ముప్పై ఏళ్లుగా గొంతులు చూస్తున్నాను.
జలుబు గొంతు, తిరునాళ్లలో అరిచిన గొంతు,
మీసాలొచ్చే వేళ పగిలే మగపిల్లల గొంతు.
పాడక బొంగురుపోయిన గొంతుకి మందు నాకు తెలీదు.
మిరియాల పాలు, ఉప్పునీళ్లు చెప్పాను,
ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
తొమ్మిదేళ్లప్పుడు జాలరిపేట డప్పు దరువు
భోజనం బల్ల మీద వేశానని
మా నాన్న, పాస్టరు, చెవి మెలిపెట్టాడు:
"లోక పాటలు ఈ ఇంట్లో వద్దు."
చెవి ఎప్పుడో మరిచిపోయింది.
నా ఎడమ బొటనవేలు మాత్రం
దుప్పటి కింద ఇంకా వేస్తోంది.

మార్చిలో పరీక్ష. బరంపురం నుంచి పరీక్షకుడు,
ఫ్లాస్కు, రెండు పెన్సిళ్లు.
కాగితం మీద నాలుగు గడులు:
ఊపిరి, ఉచ్చారణ, లయ, శ్రుతి.
తబిత సొరలో కీర్తన ఎత్తుకుంది.
మళ్లీ అక్కడికే వచ్చింది, గాంధారం దాటి,
మధ్యమం రాకముందు.
ఈసారి జారలేదు. నిలబడింది,
వంశధారలో దిగినవాళ్లు కాలికి తగిలిన రాయి మీద
బరువు ఆన్చినట్టు.
వెనక బెంచీలోంచి ఇద్దరు కొండపిల్లలు, అడగకుండానే,
ఒక అడుగు ఆలస్యంగా
అదే దారిన వచ్చారు.

పెన్సిలు ఆగింది.
"ఎవరది? మీ వంతు రాలేదు కదా!"
ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు, చేతులతో.
తబిత మూసుకోలేదు.

మూడు గడులు ఆయన నింపాడు. నాలుగోది
"మీ విద్యార్థి, మీరే చూసుకోండి" అని నా వైపు తోసి
సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడు.

నిన్న ఆఫీసు నుంచి కాగితం తిరిగొచ్చింది,
ఖాళీ గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి.
సున్నా చుట్టడం వేరు, సున్నా వెయ్యడం వేరని
గుమస్తాకి ఫోనులో చెప్పాను.
"మరి ఎంత వెయ్యమంటారు మేడమ్?"

అమ్మాయిలు భోజనాలకెళ్లారు,
వచ్చాక అడిగి చెబుతా, అన్నాను.

"మార్కులు వాళ్లని అడుగుతారా?"

మార్కులు కాదు బాబూ,
ఆ మెట్టు పేరు.