తొమ్మిదో స్లయిడ్

కాఫీ మరిగింది. వాఫిల్స్ మీద జామ్ పూశారు.
బయట మంచు, లోపల తడి బూట్ల వాసన.
సంఘం కార్యదర్శి నా చేతిలో చీటీ పెట్టాడు:
"ఇరవై నిమిషాలు. చివర్లో చందా పళ్లెం."
చీటీలో మొదటి మాట: చీకటి రాజ్యం.

చీకటా?
పదకొండేళ్లున్నాను నేనక్కడ.
ఆ వెలుతురుకు కళ్లు చికిలించి చికిలించి
పడ్డ గీతలే ఇవి, చూడండి, కనుకొలకుల్లో.

మొదటి స్లయిడ్. భూటాన్.
పటంలో మీ బొటనవేలి గోటికింద దాగిపోతుంది.
నడవబోతే మాత్రం, అదిగో కొండ, అంటారు.
మూడు రోజులు నడిచాక కూడా
అదిగో, అనే అంటారు.

రెండోది ఎర్ర మిరపకాయలు ఆరేసిన ఇంటికప్పు.
అక్కడ మిరపకాయ కారం కాదు, కూర.
మొదటి వారం ఏడుస్తూ తిన్నాను.
తిరిగొచ్చాక, ఇక్కడ ఉప్పుచేప ముందు కూర్చుని
ఆ ఏడుపు కోసం ఏడ్చాను.

ఇది ఆసుపత్రి. రేకుల కప్పు, పన్నెండు మంచాలు.
రాజుగారి మనుషులు పెట్టిన షరతు ఒక్కటే:
పుండ్లు కడగండి, కట్లు కట్టండి, బోధించకండి.
సంతకం పెట్టాను.
ఆ సంగతి మీ నెలవారీ పత్రికలో రాలేదు.

"ఎంతమంది?" వెనక బెంచీ నుంచి టార్‌స్టైన్.
ఎంతమంది మారారని.
నా దగ్గరున్న లెక్క వేరు.
నిలబెట్టిన వేళ్లు రెండువందల పద్నాలుగు.
పోయినవి లెక్కపెట్టడం మానేశాను.

తొమ్మిదోది తలకిందులుగా పడింది.
కొండలు వేలాడాయి, పిల్లలు నవ్వారు.
తీసి, తిప్పి పెట్టాను.

ఈయన మేమే న్యిడుప్. మేమే అంటే తాత.
తూర్పు లోయలో కంచరగాడిదలు తోలినవాడు.
జబ్బు రెండు చేతుల వేళ్లూ తినేసింది,
నోటి జోలికి మాత్రం పోలేకపోయింది.
నేను వాళ్ల భాష మాట్లాడితే
"వాగులో రాళ్లు దొర్లుతున్నాయి, వినండర్రా" అనేవాడు.
ఆయన అడిగింది అన్నం తినే చెంచా కాదు,
మణిచక్రం తిప్పుకునే పిడి.
వడ్రంగి గెంబో అక్రోటు కర్రతో చెక్కిచ్చాడు.
ముంజేయి ఒరుసుకోకుండా చుట్టడానికి
మెత్తటిదేదీ దొరక్క
మీరు పంపిన పెట్టె తెరిచాను.

అవును, గున్వోర్ అత్తా,
ఆదివారాలు మీరు ప్రార్థిస్తూ అల్లిన తెల్ల కట్టే.
అంచున నీలం దారం, మీ గుర్తు.
ఇప్పుడది ఆయన మంత్రంతో పాటే తిరుగుతోంది,
కోడి కూసింది మొదలు దీపాల వేళ దాకా.
ఎవరికి చేరుతోందో
నేను సంతకం పెట్టిన కాగితంలో లేదు.

హాల్లో ప్రొజెక్టర్ ఫ్యాన్ చప్పుడొక్కటే.
కార్యదర్శి గడియారం చూసుకున్నాడు.
చందా పళ్లెం ఎవరి ఒళ్లోనో ఆగిపోయింది.

గున్వోర్ అత్త కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
తెర దాకా నడిచొచ్చింది.
ఆమె నీడ న్యిడుప్ తాత మోకాళ్ల మీద పడింది.
"అంచు పిగిలిపోయింది," అంది వేలితో తడుముతూ,
"ఇక్కడ రెండు పేటలు వేయాల్సింది."
కాసేపాగి,
"చుట్టుకొలత ఎంతుంటుందే?"

నా దగ్గర టేపు లేదు.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
ఆ వెలుగులోకి పట్టి చూపించాను,
ఇంత.