గోడ దిక్కు మొహం

చండూరులో మా మోటారు వైండింగు షాపు వెనక
ఎండలు ముదిరితే కూలరు పక్కకు జరిగే కుండీ ఒకటుంది.
అందులో జానెడున్నర పైను చెట్టు.
ఈ రాళ్లకూ ఈ ఎండకూ ఏ వరసా కాదు.
బ్యాంకు మేనేజరు బదిలీ మీద పోతూ
ఇంటి బోరు మోటారు బాగుచేసిన బాకీ కింద
నా బల్ల మీద పెట్టి పోయిండు.
"మొదలు బాగలేదమ్మా, ఆరేండ్ల సంది గుంజుతున్న" అన్నడు.

బాగలేదన్నది నిజమే.
మట్టిల నుంచి రెండు వేళ్లెత్తు తిన్నగ లేచి
ఏదో మర్చిపోయిన మనిషి లెక్క
ఒక్కసారే పక్కకు మళ్లింది.
మలుపు కాడ బొడిపె, కింద కంటే పైన లావు.
బెరడు నిండ పాత తీగ కొరికిన గీతలు,
తాడు విప్పినా బొంగరం మీద మిగిలిన అచ్చులు.

తీగకు నాకేం కొదువ?
కాలిన మోటార్ల పొట్టల నుంచి తీసిన రాగి.
పొయ్యిల ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచితే
చెప్పినట్టు వింటది.
శివరాత్రికి ముందు ఒక ఆదివారం, కరెంటు లేని పూట,
గోనె పీచు తడిపి చుట్టి
పైన సైకిలు ట్యూబు పట్టీ బిగించి
మొదలును నిలబెడదామని పట్టిన.
నిలబెట్టుడు తప్ప వేరే ఆలోచనే లేదు నాకు.
నూలుపోగంత. ఇంకో నూలుపోగంత.
లోపల ఎక్కడనో చిటుక్కుమంది,
నిద్రల ఎవరో పండ్లు కొరికినట్టు.
చేతులు తీసేసిన.

ఈదయ్య కాయిలు చుట్టుడు ఆపిండు.
మర్రిగూడ దిక్కు ఊరు, బోరు నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు.
మోకాళ్లు చెరో దిక్కు చూస్తయి, మెడ తిరగదు.
ఎవరన్న పిలిస్తే మనిషి మొత్తం తిరగాలె,
సందుల లారీ తిరిగినట్టు, మెల్లగ.
మొదటి ఏడు ఈ చెట్టు సూదుల కొసలు మాడితే
ఎండ అనుకున్న నేను.
"ఎండ గాదక్కా, నీళ్లు" అన్నడు.
అప్పటి సంది కృష్ణా నల్లా వచ్చిన రోజు
ముందు చెట్టు సీసా నింపుతడు, తర్వాతనే మా బిందె.

ఆ ఆదివారం బల్ల చుట్టు నడిచిండు.
మనమైతే మెడ వంచి ఒక చూపు చూసి ఆఁ అంటం.
ఆ వీలు లేదు ఈదయ్యకు.
అడుగు, ఆగుడు, చూపు.
అంచు పట్టుకోని పూర్తిగ ఒక చుట్టు,
మళ్ల సగం.
గోడ దిక్కు పోయి ఆగిండు.
మేనేజరు ఆరేండ్లూ, నేను నాలుగేండ్లూ
గోడకు పెట్టి ఉంచిన మొహం అది.
"ఇటు రా అక్కా."

పోయి చూసిన.
అదే వంకర. కని అక్కడి నుంచి
చెట్టు ఎవరి మాటనో వినేటందుకు ఒంగినట్టుంది.
బొడిపె చాటుకు పోయింది.
ఇన్నేండ్లు వెనక నక్కిన కింది కొమ్మ
పెండ్లికి పిలిచినట్టు ముందుకొచ్చింది.
కుండీ తిప్పిన, ఒక పక్క ఇటుక ముక్క పెట్టిన.
పని అయిపోయిందనుకున్న.

కాలేదు. పై కొమ్మ ఒకటి అడ్డమొచ్చింది.
మొత్తం తియ్యకుండ బొటనవేలంత ఉంచి
బెరడు ఒలిచిన, సున్నం గంధకం కాచి పూసిన.
ఆరినంక తెల్లగ తేలింది.
ఈదయ్య అటు చూడలే, నేను మాట్లాడలే.
కొన్ని పోలికలు నోట్లెనే ఉంచుకోవాలె.

మొన్న మేనేజరు ఫోను చేసిండు.
"తిన్నగ అయ్యిందా?"
"లే సార్. మీరొచ్చి ఇటు నిలబడితే చెప్తా."
ఆయనకు అర్థం కాలే. నేను చెప్పింది కూడ సరిగ లేదు.

లోపలి చిటుకు సంగతి రోహిణి కార్తె తేల్చాలె.
బతికితే తీగలు కొరకకముందే
మృగశిరకు కత్తిరించాలె,
విప్పొద్దు, కత్తిరించాలె.

ఈదయ్య తన స్టూలు జరుపుకున్నడు.
ఇప్పుడు కాయిలు చుట్టుకుంట చుట్టుకుంట
కండ్లెత్తితే చాలు, చెట్టు ఎదురుంగ.
బయట ట్రాక్టరు ఆగింది. మళ్ల ఎవరిదో మోటారు కాలింది.
"రాగి మంచిగుంటే కొంచెం పక్కకు పెట్టు" అన్నడు
తిరగకుండనే.