తడి తగలని కాగితం

రాగ్న్‌హిల్డ్ అంటే మా నోరు తిరగలేదు.
తాడ్వాయి దిక్కు గూడెంల ఒక ముసలవ్వ
"రాగమ్మా" అన్నది.
గంతే, ఆ పేరే నిలిచింది.

మిరుగు వానలకు దిగింది హన్మకొండల.
పులి కోసం వచ్చిందనుకున్నం, కాదంటే టేకు కోసం.
ఆమె పోయి బండకు ముక్కానించి పండుకున్నది,
భూతద్దంల ఒక కన్ను.
"పాకురమ్మా, జారిపడ్తవ్" అన్న.
"పాకురు కాదు మొండయ్యా, నాచు. ఆకులున్నయ్ చూడు."
చూసిన.
చూసినంక రెండేండ్లు
మా ప్రహరీకి సున్నం వెయ్యబుద్ధి కాలే.

వాళ్ల నాయిన సముద్రం ఒడ్డున
కర్రల మీద చేపలెండబెట్టెటోడట.
"ఎండబెట్టుడు నాకు పుట్టుకతోనే వచ్చు" అన్నది.
రెండు నెలలు పొద్దు పొడవని ఊరు.
మంచు కింద పచ్చగ ఏమున్నదోనని
ఏడేండ్లప్పుడు ఉత్త చేతులతోని తవ్వితే
చిటికెన వేలి కొస పోయిందట.
ముప్పై ఒక్క ఏండ్లు మ్యూజియంల కొలువు.
పెద్ద కుర్చీ ఖాళీ అయితే
ఆమె దగ్గర సదువుకున్న పిలగానికిచ్చిండ్రు.
అది చెప్పి నవ్వి, లాంతరు వత్తి తగ్గించింది.

నేను కాలేజీల అటెండర్ని.
మొక్కను ఒత్తుడు ఆమే నేర్పింది:
పాత పేపర్ల నడుమ పెట్టు, రోజూ పేపర్ మార్చు,
చుక్క తడి తగిలినా బూజు.
తిట్టేది కూడా, ఆమె భాషల.

పాకాల తూము పక్కన దొరికినదానికి
పాకాలెన్సిస్ అని పెట్టింది.
పదహారేండ్లకు జర్మనీల ఎవరో తేల్చిండు,
కొత్తది కాదు, సిలోన్‌ల ఎప్పుడో దొరికిందేనని.
పేరు కొట్టేసిండ్రు.
నాకు జాబు రాసింది:
"ఆయన చెప్పిందే నిజం.
గురిగసొంటి కాయ మూతి చుట్టు
పండ్లు నేనే సక్కగ లెక్కపెట్టలే."

మొన్న పార్సెల్ వచ్చింది. ఆమె లేదు.
కట్ట విప్పనీకె రిటైరయిన నన్ను పిలిపించిండ్రు.
అవే పేపర్లు. వరంగల్ మిర్చి ధర,
సగం చిరిగిన సినిమా బొమ్మ, నడుమ నాచు.
చీటీ మీద సేకరించినోళ్ల పేర్లు రెండు.
రెండోది నాది, ఒక అక్షరం తప్పు.

గదిల ఎవ్వరు లేరు.
వేలు నీళ్ల గిలాసల ముంచి
ఒక్క చుక్క ఇడిసిన.
ముడుసుకున్న ఆకు జరంత కదిలింది,
మల్లా జరంత.
బతికిందనను. ఇచ్చుకున్నది.

తెల్లారేసరికి బూజు పడ్తదేమో.
తిట్టెటామె లేదు.