పొల్లు పోకుండా

ఊరి పేరు హల్.
పలక మీద రాస్తే చివర పొల్లు,
అచ్చు తోడు లేక గొంతులోనే నిలిచిపోయే ఊరు.

మంగళవారం మంగళవారం
బెవర్లీ రోడ్డులో చెప్పుల కొట్టు పైనున్న గదిలో
ముగ్గురం కూర్చుంటాం.
మోయిరా, ఏసుపాదం గారు, మధ్యలో నేను.
మధ్యలో అంటే మధ్యలో కాదు,
కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని
గొంతు మాత్రమే ముందు పెట్టాలి. అది నా ఉద్యోగం.
ఆయన "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
ఒక్క పొల్లు పోకూడదు.

ఆయనకి ఇంగ్లీషు రాక కాదు.
పదకొండేళ్ళు బస్సు నడిపారు.
టికెట్ల ఇంగ్లీషు, వాన ఇంగ్లీషు,
"తోసుకోకండి, వెనకాల ఇంకోటుంది" ఇంగ్లీషు, అన్నీ వచ్చు.
ఏడవడానికే లేదు.

మొదటి మూడు వారాలు ఆయన కిటికీకి చెప్పారు, మాకు కాదు.
డిపోకొచ్చిన కొత్త మేనేజరు గురించి.
రేపల్లె దగ్గర తమ్ముడు వేసిన రొయ్యల చెరువు గురించి.
మోయిరా రొయ్యల గురించే అడిగింది:
నీళ్ళల్లో ఉప్పెంతుండాలి, రాత్రిళ్ళు కాపలా ఎవరు.
నిజం చెప్పొద్దూ, నాకు విసుగొచ్చింది.
గంటకింతని సర్కారు డబ్బు పోస్తుంటే
ఈవిడ మేత లెక్కలు తీస్తోంది.

కాగితపు రుమాళ్ళ డబ్బా ఆయన చెయ్యి చాస్తే అందేచోట ఉంటుంది.
తను మాత్రం ఎప్పుడూ అందివ్వదు.
ఎందుకని ఓసారి మెట్ల మీద అడిగాను.
"అందిస్తే కొందరికి, ఇక చాలు ఆపమన్నట్టు వినబడుతుంది" అంది.

నాలుగో వారం
హంబర్ మీంచి పొగమంచొచ్చి కిటికీని మూసేసింది.
చూడ్డానికేమీ లేక ఆయన ఇటు తిరిగారు.
"ఆ పిల్లాడి సైకిలు కనబడగానే..."
ఆగి,
"గుండె జారిపోయిందమ్మా" అన్నారు.

భయపడ్డాను అని చెప్పేస్తే సరిపోను,
నిఘంటువు ఒప్పుకునేది.
ఉన్నదున్నట్టే అన్నాను: నా గుండె జారిపోయింది.
ఇంగ్లీషులో అది వింత మాట.
చేజారిన గిన్నెలా గదంతా మోగింది.

మోయిరా రాసుకోలేదు.
చాలాసేపటికి,
"జారి ఎక్కడికెళ్ళిందో అడుగుతారా?" అంది.

బుద్ధెరిగాక ఆ ప్రశ్న ఎవరి నోటా వినలేదు నేను.
తాతలనాటి మాట కదా,
జారడమే గాని చేరడం ఎవరు చూశారు?

ఏసుపాదం గారు కిందికి చూసుకున్నారు.
"కాల్లోకి. కుడికాల్లోకి.
బ్రేకు మీద ఇంకా అక్కడే ఉంది.
బస్సు ఆగింది. వాడి ఊపిరీ ఆగింది.
నేను చంపాను."

నేను చంపాను, అన్నాను నేను.

మోయిరా కాదనలేదు.
తప్పు నీది కాదని పోలీసు కాగితాలు చెప్పాయి,
పాస్టరు గారు చెప్పారు, ఇంటావిడ రోజూ చెబుతోంది.
అంతమంది చెప్పాక
మోయడానికి ఆయనకి తోడెవరూ మిగల్లేదు.
"ఎనిమిది నెలలుగా" అంది తను,
"ఆ కాలు తొక్కిపట్టే ఉందన్నమాట.
ఎంత నొప్పెడుతోందో."

ఆయన బూటు విప్పారు. ఎవరూ విప్పమనలేదు.
మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది.
తివాచీ మీద పాదం మోపి,
ఎత్తి,
మళ్ళీ మోపి,
అప్పుడొచ్చింది గొంతులోంచి, మాట కాదు,
పొడుగ్గా ఒక ఆ.
ఉత్త అచ్చు.
నాకు చెయ్యడానికి పనేమీ లేకపోయింది.

ఆయన వెళ్ళాక, గంటల కాగితం మీద సంతకానికి
పెన్ను వెతుక్కుంటున్నాను.
"ఇందాకటి మాట మీ నోటితో కూడా అన్నారు.
ఇంటికెలా వెళ్తారు?" అంది.
బస్సులో, అన్నాను.
అని, నా కాళ్ళకేసి చూసుకున్నాను.

తను లేచొచ్చి నా కుర్చీని ముందుకి లాగింది.
టీలో పాలు మరీ ఎక్కువ పోసింది.
తాగాను.