మడతబందులు

కమిటీ పైన కూర్చుంది. నేను కింద.
మధ్యలో చెక్క కప్పు, దానికో కన్నం,
ఎప్పుడో హీటరు గొట్టం పోయిన దారి.
అందులోంచి కాఫీ వాసన, దగ్గు, అప్పుడప్పుడు ఓ పేరు
నా సానరాయి మీదికి రాలుతుంటాయి.

ముప్పై ఒక్క ఏళ్లు తౌనోనే కోచ్.
కైవోలహ్తిలో పుట్టిన ఏ పిల్లైనా
అమ్మ గొంతు తర్వాత గుర్తుపట్టేది ఆయన ఈలనే.
కప్పుల లెక్క అద్దాల బీరువా చెబుతుంది.
నాకు తెలిసింది ఆయన స్కేట్ల సంగతి.
ఎడమది ఎప్పుడూ లోపలి అంచునే అరిగేది.
ఆటంతా అటే ఒరిగి నిలబడేవాడు,
ఆనుకోవడానికి అక్కడెవరో ఉన్నట్టు.
పదును పెట్టీ పెట్టీ
చివరికా ఇనుము రొట్టెలు కోసే కత్తంత మిగిలింది.

"ఆయనలాంటి వాడే కావాలి" అంటుంది పైన ఓ గొంతు.
హెల్వి. బ్యాంకులో చేసి రిటైరైంది.
"ఆయనలాంటి వాడు మాత్రం వద్దు" అంటుంది ఇంకో గొంతు.
అదీ హెల్విదే, రాత్రి పది దాటాక.

మొదటివాడు తంపెరె నుంచి రైల్లో వచ్చాడు.
గోడ మీద బొమ్మలు వేసి చూపించాడట,
మా పిల్లలు చుక్కలయ్యారు, బాణాలయ్యారు.
తెలివైనవాడే, కాదనను.
కిందికొచ్చి నాతో చేయి కలిపాడు,
అంటిన ఇనుప రజను తుడుచుకోలేదు.
అందుకో మార్కు వేశాను.
నా మార్కులెవరికి కావాలి?

రెండోవాడు మా ఎస్కో.
ఇరవై ఏళ్లు తౌనో సంచీ మోశాడు.
ఆయన తిట్లన్నీ కంఠతా వచ్చు,
ఆయన టోపీ వాలు వచ్చు,
గెలిచాక నోరు విప్పకుండా కూర్చునే
ఆ నాలుగు నిమిషాలూ వచ్చు.
అప్పుడాయన ఏమాలోచిస్తాడో ఎస్కో ఎన్నడూ అడగలేదు.
ఆ మాటకొస్తే నేనూ అడగలేదు.

మూడోవాడు రౌలి.
పేరు వినగానే పైన కుర్చీలు కదిలాయి.
ఫైనల్లో మూడో గోలు పడగానే
తౌనో వేలు చూపించి బయటికి పిలిచిన గోలీ,
పందొమ్మిదేళ్లు అప్పటికి.
ఊరంతా చూసింది.
తర్వాత మేం గెలిచాం కూడా, అదే చిక్కు.
గెలిచిన రోజు జరిగినవాటికి
ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పరు.

"నువ్వొస్తే ఏం మారుస్తావు?"
నేను రాయి ఆపేశాను.
"డ్రెస్సింగు రూము తలుపు" అన్నాడు.
"బయటికి తెరుచుకుంటుంది, పిడి పట్టి లాగాలి.
గోలీ గ్లవ్స్‌తో అది పట్టు చిక్కదు.
ఆ రోజు పదకొండు నిమిషాలు వరండాలో నిలబడ్డాను.
లోపలికెళ్లి ఏడుద్దామనుకున్నా, కుదర్లేదు."
ఎవరో నవ్వారు. ఒక్కరే.

ఆనవాయితీగా తౌనోకి ఫోన్ చేశారు.
తుంటి ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉన్నాడు.
"మీ ఇష్టం" అన్నాడు.
అంతేనేమో అనుకున్నాం.
"ఎవరినైనా పెట్టుకోండి, నా ఈల మాత్రం ఇవ్వకండి.
లోపలి గింజ పోయింది. నాలుగేళ్లుగా మోగడం లేదు."
"మరి పిల్లలు?"
"పెదాల మధ్య పెట్టుకుంటే చాలు, వాళ్లే ఆగిపోతున్నారు.
భయమేసింది నాకు. అందుకే మానేశాను."

ఆ కన్నంలోంచి చాలాసేపు ఏమీ రాలలేదు.
తర్వాత హెల్వి అంది, గురువారానికి వాయిదా.

సోమవారం తెల్లారి దీపాలేద్దామని వచ్చాను.
నా డబ్బాలో స్క్రూడ్రైవరు తిరగబడి ఉంది.
వరండాలో చెక్క పొట్టు,
దాని చుట్టూ గుండ్రటి తడి మచ్చలు,
చేతికర్ర రబ్బరు దిగినట్టు.
తలుపుకు కొత్త మడతబందులు,
మేకులు కొంచెం వంకర.

ఏడింటికి పిల్లలొచ్చారు.
చిన్న గోలీ ఇల్తా, తన ఎత్తు దిండ్లు కట్టుకుని
అలవాటుగా పిడి కోసం తడుముకుంది,
తోస్తే పోతుందని తెలిసి భుజంతో ఒక్కటిచ్చింది.
లోపల లేసులు కట్టుకుంటున్న వాడెవడో
వీపు రుద్దుకుంటూ తిట్టాడు.