పాత పాండా కారు ఫ్యాను

నీ బరువు ఇరవై కిలోలు.
నడుముకి ఆనించుకుని, రేవు దాకా
చంటిబిడ్డలా మోసుకుపోతాను.
కానీ నీ గొంతులో తిరిగేది మూడువందల బార్ల గాలి,
సరిగా బిగించని నట్టుని
తుపాకీ గుండు చేసి విసిరే గాలి.

కలిమ్నోస్‌లో ఆగస్టు నెల.
గోడల సున్నం కళ్ళలో పొడుస్తోంది.
షెడ్డుకి రేకు కప్పు, దాని కింద నువ్వు.
పావుగంట ఆడతావు, అంతే,
ముల్లు తొంభై అయిదు దాటుతుంది, స్విచ్చి ఆపేస్తాను.
ఇక నీ జ్వరం దిగే దాకా
నేనూ, సగం నిండిన సిలిండరూ,
గుమ్మంలో గడియారం చూసుకుంటూ నోమికోస్.
"స్పాంజీలు నా కోసం ఆగుతాయిలే,
పడవ అద్దె ఆగదు, థెమెలీనా."

బకెట్లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు వేసి చూశాను.
నీళ్ళు నీ తలనే తడుపుతాయి.
కణకణలాడే ఆ రాగి చుట్టలకి
విసనకర్ర పట్టేదెవరు?

కొండ మలుపులో మేకల కాపరి మికేస్
రాయికి గుద్ది వదిలేసిన పాండా కారు ఉంది.
తలుపుల్లేవు, సీట్లలో కోళ్ళు.
రేడియేటర్ ముందు ఫ్యాను మాత్రం
చెక్కుచెదరలేదు.
అయిదు యూరోలు అన్నాడు, ఇచ్చాను.
పోనీలే అని ఒక తేనె సీసా వాడే ఇచ్చాడు.

రొట్టెల ట్రేని వంచి చట్రం చేశాను.
చిరిగిన డైవింగ్ సూటు మోకాలి ముక్క కోసి
బోల్టుల కింద మెత్తగా పెట్టాను,
నీ వణుకు దాన్ని, దాని వణుకు నిన్ను
విప్పేయకుండా.
మొదటిసారి తీగలు తారుమారయ్యాయి.
నీ వేడంతా నా మొహాన కొట్టింది.
"అత్తిపండ్లు ఎండబెట్టుకోవచ్చు," అన్నాడు నోమికోస్.
ఎరుపూ నలుపూ మార్చాను.

ఇరవై నిమిషాలు. డెబ్భై.
అరగంట. డెబ్భై ఒకటి.
ముల్లు అక్కడే కూర్చుంది,
భోజనమయ్యాక కదలని చుట్టంలా.
నూట ఎనభై బార్లు, రెండువందల పది...
నేను నీ పక్కన చతికిలబడి
బిడ్డకి చెమట పట్టిందని సంబరపడే తల్లిలా
నీ రాగి గొట్టాన్ని వేలితో
తాకీ తాకకుండా చూస్తున్నాను.

మూలన కుర్చీలోంచి తాతయ్య
"కవాటం కొంచెం వదులు," అన్నాడు.
వదిలాను. బుస్సుమంది.
ముక్కుతో ఒక్కసారి పీల్చాడు.
"డీజిలు."

బయటికి పరిగెత్తాను.
రేవులో పడవ ఇంజను ఊరికే గుడగుడలాడుతోంది.
నా ఫ్యాను ఆ పొగని వెతికి మరీ తెచ్చి
నువ్వు గాలి పీల్చే నోటి దగ్గర పెడుతోంది.
నేను వేడి గురించే ఆలోచించాను.
వేడి గురించి మాత్రమే.
ఆ గాలిని వీపున కట్టుకుని నోమికోస్
ముప్ఫై మీటర్ల కిందికి వెళ్ళేవాడు.

తాతయ్య ఏమీ అనలేదు.
ఇరవైమూడేళ్ళప్పుడు త్వరగా పైకి లాగారు ఆయన్ని,
తుఫాను వస్తోందని, కెప్టెన్ తొందరపెడితే.
కాళ్ళు ఆ నీళ్ళలోనే ఉండిపోయాయి.
ముక్కు మాత్రం వచ్చింది.

సిలిండరంతా ఖాళీ చేశాను. ముప్పావుగంట గాలి,
చెవులు గింగిర్లెత్తేట్టు, షెడ్డులో పోసినట్టు పోయింది.
నోమికోస్ గడియారం చూసుకోలేదు.
గొట్టాన్ని కప్పు మీదికి, గాలి వచ్చే వైపుకి
తీసుకెళ్ళి కట్టాను. వడపోత మార్చాను.
ఇంజను ఆపమని పడవవాణ్ణి తిట్టాను,
ఆ తిట్టు సగం నాకే.

మళ్ళీ మొదటినుంచి.
ఇప్పుడు నీ నుంచి వీచే వెచ్చటి గాలి
సరాసరి తాతయ్య పాదాల మీదికి పోతోంది.
"కుర్చీ జరపనా?"
వంగి తన పాదాల వైపు చూశాడు,
ఎవరివో చెప్పులు చూసినట్టు.
"వేడిగా ఉందా?" అని నన్నే అడిగాడు.
చెయ్యి పెట్టి చూసి, గోరువెచ్చగా ఉందన్నాను.
"ఉండనీ."