నూట పన్నెండో పేజీ

ఓదెలూ,
భయమేసే పుస్తకం ఉంటే ఇయ్యమన్నవు గదా,
ఒక్క మాట ముందుగాల చెప్త:
నెత్తురు కావాలంటే నా దగ్గరికి రాకు.
బల్లార్షా స్టేషన్ బయట అద్దె సీడీలల్ల
బిందెలకు బిందెలు పారింది ఒకప్పుడు,
చూసుకుంట బఠాణీలు తిన్నం మనం.

నేను చెప్పేది వేరే రకం.

ఒక సిన్మా ఉన్నది, పేరు యాదికి లేదు,
మా అల్లుడు ఫోన్ల ఎక్కించి ఇచ్చిండు.
ఒకామె దుప్పట్లు మడత పెడ్తది.
గంటన్నర అదే.
ఆరు దుప్పట్లు. మల్ల ఆరు. మల్ల ఆరు.
ఏడోది ఎవరూ మడవరు,
అప్పటికే మడిచి ఉంటది.
గంతే.
ఆ దినం సంది మా సుగుణ బట్టలు మడుస్తుంటే
నేను బయటికి పోయి బీడీ ముట్టిస్త.

ఇగ పుస్తకం సంగతి.
మిల్లుకు గుజ్జు కోసం వచ్చిన
రద్దీ కట్టల నడుమ దొరికింది.
అట్ట లేదు. రాసినాయన పేరు లేదు.
చివరి పేజీలు తొట్టిల కరిగి
ఏ పిల్లగాని నోటుబుక్కో అయి ఉంటయి,
వాటి మీద వాడు ఎక్కాలు రాస్తుండొచ్చు.

మరాఠీల ఆలోచించి తెలుగుల రాసినట్టుంటది,
అచ్చం మన లెక్క.
దయ్యం రాదు. కుక్క మొరగదు.
ఒకడు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తడు,
కాళ్లు కడుక్కుంటడు,
గడపకాడ చెప్పులు లెక్కబెడ్తడు.
నూట పన్నెండో పేజీ అది.

నాకంటె ముందు చదివినోళ్లెవరో
ఆ పేజీ కొస మడిచిండ్రు.
సాపు చేసి కాంటా బాబు వాసేకర్‌కు ఇచ్చిన,
ఆయనకు తెలుగు చదవరాదు,
భార్య మన దిక్కు పిల్ల, చదివి వినిపించిందట.
కొస మడిచే వచ్చింది.
సిరొంచ లారీ జక్కులు తీస్కపోయిండు,
మూడు నెలలకు ప్రాణహిత దాటి వచ్చింది,
డీజిల్ వాసనతోని,
అదే పేజీ, అదే కొస.
అడిగితే అందరిదీ ఒకటే మాట:
మిగిలింది పొద్దుగాల చదువుదామని ఆపిన.

చివర లేదని నేనెవరికీ చెప్పలే.
ఎవరూ అడగలే.

మంచి కూర వండితే
నలుగురికి పెట్టబుద్ధయితది,
భయం గూడ గంతే కావొచ్చు.
లేకపోతె
ఒక్కణ్ణే మోయలేక పంచుతున్ననో.

నైటు షిఫ్టు దిగి
ఒంటి నిండ గుజ్జు వాసనతోటి గల్లీల నడుస్త.
వీధి దీపం. మా గడప.
ఇంట్ల మేం ముగ్గురం.
లెక్కబెట్టొద్దు అనుకుంటనే
కాలితోటి ఒక్కొక్క జత జరుపుత.

రేపు ఆయితారం, వచ్చి తీస్కపో.
ఛాయ్ తాగి పోదువు గాని.
జర ఒక్క పని చెయ్యి ఓదెలూ,
చెప్పులు చేతుల పట్టుకొని లోపలికి రా.